ఆరు ప్రశ్నల కాగితం

నవలకు సమీక్షలు వస్తాయి. సమీక్షల మీద వ్యాసాలు, వ్యాసాల మీద పీహెచ్‌డీలు వస్తాయి. ఆ నవల మీద విద్యార్థులకు ఇచ్చిన ప్రశ్న గురించి మాత్రం ఎవరూ నాలుగు మాటలు రాయరు. మార్కులు పడ్డాక ఆ కాగితం అటకెక్కుతుంది, లేదంటే చిత్తుబుట్టలో పడుతుంది. రాసినవాళ్ల పేరు కూడా దాని మీద ఉండదు. ఇంత పనితనం ఉండీ ఇంత అనామకంగా పోయే రచన ఇంకోటి నేను చూడలేదు. అలాంటి ఒక ఏ4 కాగితాన్ని ఇక్కడ పరిచయం చేస్తున్నాను.

మా అన్న కూతురు ఉస్మానియా క్యాంపస్‌లో ఎం.ఏ. తెలుగు చదువుతోంది. హబ్సిగూడలో మా ఇంట్లోనే ఉంటుంది. వాళ్ల మేడం ఇంటర్నల్స్ కోసం ఇచ్చిన అసైన్‌మెంట్ ఇది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' చదవాలి. ఇచ్చిన ప్రశ్నల్లో ఒకటి ఎంచుకుని ఎనిమిది పేజీలకు మించకుండా వ్యాసం రాయాలి. నా చేతికొచ్చింది తార్నాకలో తీయించిన జిరాక్సు. ఒక అంచు నల్లగా పడింది గానీ అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. ప్రశ్నలు ఇవి:

1. సంగదాసు నవల ముగిసేదాకా బతకడు. అయినా నవలకు 'సంగవిజయం' అని రెండో పేరుంది. సంగదాసు పోయాక అతను గెలిచిన సన్నివేశాలు మూడు చూపండి. ఓడిన సన్నివేశం ఒకటి చూపండి.

2. రామదాసు పోగొట్టుకున్నవాటిని వరసగా రాయండి. ఒక్కోటి పోయినప్పుడు ఆయన ఏమన్నాడు, ఏం చేశాడు? ఆ ఓర్పును మెచ్చుకోమని రచయిత మనకు చెబుతున్నారా, సందేహించమంటున్నారా?

3. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడుగా మారడానికి రచయిత ఎన్ని కారణాలు చూపారు? వాటిలో ఏది లేకపోతే అతను ఊళ్లోనే ఉండిపోయేవాడు?

4. నవలలో మీకు నచ్చిన రెండు పేజీలు తీసుకోండి. ఎదుటి మనిషిని బట్టి మాట ఎలా మారుతోందో గమనించి రాయండి. ఆ రెండు పేజీలు దాటి పోవద్దు.

5. ప్రభుత్వం ఈ నవలను రెండుసార్లు నిషేధించింది. ఆ అధికారి మీరే అనుకోండి. కారణంగా ఒకే ఒక్క పేజీ చూపించాలి. ఏ పేజీ చూపిస్తారు? ఎందుకు?

6. (ఖాళీ) పైవేవీ నచ్చకపోతే మీరే ఒకటి రాసుకోండి. జవాబు ముందే తెలిసిన ప్రశ్న వద్దు.

అడుగున చిన్న అక్షరాల్లో మూడు షరతులు. ఈ ప్రశ్ననే ఎందుకు ఎంచుకున్నారో మొదట ఒక పేరా రాయాలి, 20 మార్కుల్లో 5 దానికే. చెప్పిన ప్రతి మాటకూ నవల పేజీ నంబరు ఇవ్వాలి. విమర్శ గ్రంథాలు మొదటి చిత్తుప్రతి పూర్తయ్యాకే తెరవాలి.

ఈ కాగితం విలువ తెలియాలంటే మామూలుగా రాసే ప్రశ్నలు ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. 'రామదాసు పాత్ర చిత్రణను వివరించండి.' 'మాలపల్లిలో ప్రతిబింబించిన జాతీయోద్యమ స్ఫూర్తిని పరిశీలించండి.' 'సంఘసంస్కరణ నవలగా మాలపల్లిని సమీక్షించండి.' వీటిలో తప్పేమీ లేదు. కాకపోతే నవల పేరు తీసేసి ఇంకో నవల పేరు పెట్టినా ప్రశ్న చెక్కుచెదరదు. జవాబూ అంతే. కోఠీలో గైడు కొనుక్కున్నవాడూ, ఫోన్‌ను అడిగినవాడూ, నవలను మూడుసార్లు చదివినవాడూ ఇంచుమించు ఒకే వ్యాసం రాస్తారు. మూడుసార్లు చదివినవాడికే రెండు మార్కులు తగ్గినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పాపం, వాడికి చెప్పాల్సింది ఎక్కువ, చెప్పే చోటు తక్కువ.

మా పిల్ల మొదట పట్టుకున్నది ఐదో ప్రశ్నను. "బాబాయ్, ఇదే రాస్త. నిషేధం గురించి నెట్ల మస్తుగ ఉంది" అంది.

"మస్తుగ ఉంటే ఏం లాభం? ఒక్కటే పేజీ చూపియ్యమన్నరు గద!"

ఆ 'ఒకే ఒక్క పేజీ' అన్న మాటలోనే ఉంది పనితనమంతా. నిషేధం కథ నిజంగానే పెద్దది, ఆసక్తికరమైంది. ఉన్నవ గుంటూరు ప్రాంతం మనిషి. ఐర్లండ్ వెళ్లి డబ్లిన్‌లో బారిస్టరీ చదివి, అక్కడి స్వాతంత్ర్య పోరాటాన్ని దగ్గర నుంచి చూసి వచ్చారు. వితంతు వివాహాలు చేయించారు. పల్నాడు పుల్లరి సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. రాయవేలూరు జైల్లో ఉండగా రాసిన నవల 1922లో వెలుగు చూసింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో మళ్లీ అనుమతించింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దాన్ని పాఠ్యగ్రంథంగా పెట్టాక 1936లో మళ్లీ వేటు పడింది, పాఠ్యాంశాల్లోంచీ తొలగించారు. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గానీ ఆ నిషేధం పోలేదు.

ఇదంతా వరసగా రాస్తే ఎనిమిది పేజీలు చకచకా నిండిపోతాయి. అందులో నవల మాత్రం ఎక్కడా ఉండదు. ప్రశ్న రాసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ప్రభుత్వం ఎందుకు నిషేధించిందని అడగలేదు. అధికారి కుర్చీలో విద్యార్థిని కూర్చోబెట్టారు. నిషేధించేవాడి కన్నా శ్రద్ధగా చదివే పాఠకుడు ఎవరుంటారు? ఏ వాక్యం ఎవరి చెవిన పడితే ఏమవుతుందో లెక్క కట్టుకుంటూ చదువుతాడు. నవల బలం ఎక్కడుందో కనిపెట్టడానికి విద్యార్థికి ఇంతకన్నా మంచి కుర్చీ దొరకదు.

ఇంట్లో దీని మీద రెండు రోజులు వాదన నడిచింది. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచే జగ్గడి పేజీ చూపిస్తానని పిల్ల మొదట అంది. నాకు నచ్చలేదు. దోపిడీ చేసినవాణ్ని దొంగ అని కేసు పెట్టొచ్చు, ఏ సర్కారుకైనా ఆ దారి తెలుసు. కూలి దగ్గర వచ్చిన పేచీలో కూలీలంతా ఒక్క మాట మీద నిలబడిన పేజీ ఉంది చూశారా, అక్కడ కేసు పెట్టడానికి ఏ నేరమూ లేదు, పని మానెయ్యడం తప్ప. అధికారినైతే నేను ఆ పేజీ దగ్గర ఉలిక్కిపడతాను. మర్నాటికి పిల్ల ఇంకో పేజీ తెచ్చింది, జైలు లోపలి బతుకును చూపించేది. జైల్లో కూర్చున్న మనిషి జైలు గురించి రాస్తే సర్కారుకు మండదా అంది. ఆ వాదనా కొట్టిపారేయలేనిదే. ఒకే నవలలో మూడు పేజీలు తేలాయి, మూడింటికీ సాక్ష్యం ఉంది. మంచి ప్రశ్నకు మొదటి లక్షణం ఇదేనేమో. పుస్తకాన్ని ముందు పెట్టుకుని ఇద్దరు మనుషులు నిజంగా పోట్లాడుకోగలగాలి.

మొదటి ప్రశ్నకు వద్దాం. నవలకు ఎవరి పేరు పెట్టారో ఆ మనిషి కథ బోలెడు మిగిలి ఉండగానే చనిపోతాడు. పక్కనే తార్నాకలో ఇఫ్లూ ఉంది. అక్కడ ఇంగ్లిషు చదివే పిల్లలకు ఇలాంటిది కొత్త కాదు. షేక్‌స్పియర్ నాటకం 'జూలియస్ సీజర్'లో సీజర్ అయిదంకాల్లో మూడో అంకంలోనే పోతాడు. ఆ తర్వాత నాటకమంతా అతని నీడలోనే నడుస్తుంది. అయితే సీజర్ మహారాజులాంటివాడు, అతని వెనుక సైన్యాలున్నాయి. సంగదాసు చౌదరయ్య ఇంట్లో పాలేరు. మంగళాపురం మాలపల్లిలో రామదాసు కొడుకు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి ప్రాణస్నేహితుడు. కూలి పేచీ ముదిరినప్పుడు ఆ చౌదరయ్య చేతి దెబ్బకే చనిపోతాడు. పాలేరు చనిపోయాక కథను అతని పేరు మీద నడిపించడం 1922లో ఎంత సాహసమో ఊహించండి. అంటరానితనం మీద ముల్క్ రాజ్ ఆనంద్ ఇంగ్లిషులో రాసిన 'అన్‌టచబుల్' వచ్చింది 1935లో, అంటే పదమూడేళ్ల తర్వాత.

'సంగ' అంటే సంఘం కూడానని, అందుకే ఆ పేరని మన విమర్శలో ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. నిజమే. ఆ శ్లేష ఒక వాక్యంలో అయిపోతుంది, మిగతా ఎనిమిది పేజీలు దేంతో నింపాలి? అందుకే మేడం పేరు సంగతి వదిలేసి సన్నివేశాలు అడిగారు. మూడు గెలుపులు, ఒక ఓటమి. గెలుపులు మాత్రమే అడిగి ఉంటే వ్యాసం పొగడ్తల దండకమై కూర్చునేది. ఆ నాలుగో సన్నివేశం విద్యార్థిని నిద్రపోనివ్వదు. స్నేహితుడి పేరు మీద రామానాయుడు సంగపీఠం నడిపించడం గెలుపు పద్దులో వేస్తాం, సరే. మరి తమ్ముడి చావుతో రగిలిన అన్న వెంకటదాసు జగ్గడై బందిపోటు దారి పట్టడం ఏ పద్దులో వేయాలి? పేదలకు పంచాడు కాబట్టి గెలుపా? సంగదాసు నమ్మిన దారి వదిలేశాడు కాబట్టి ఓటమా? ఒక విద్యార్థి ఇటు వేస్తే ఇంకొకరు అటు వేస్తారు. అదే సన్నివేశాన్ని రెండు పద్దుల్లోనూ వేసి నిలబెట్టగలిగినవాళ్లకు పూర్తి మార్కులు ఇవ్వాలి. నవల కట్టడంలో అసలు కీలు అక్కడే ఉంది. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరన్నదమ్ములకు రెండు దారులు ఇచ్చి, తీర్పు చెప్పే పనిని ఉన్నవ పాఠకుడికి వదిలేశారు.

మూడో ప్రశ్న ఆ అన్న గురించే. ఆరింటిలో నాకు కొంచెం తక్కువగా అనిపించింది ఇది ఒక్కటే. మొదటి సగం బాగుంది. వెంకటదాసు ఒక్క రాత్రిలో దొంగ కాలేదు. తమ్ముడి చావు, దానికి న్యాయం దొరక్కపోవడం, కుటుంబం మీద ఒకదాని తర్వాత ఒకటి వచ్చిపడ్డ దెబ్బలు, ఇవన్నీ పేర్చుకుంటూ పోవాలి. రెండో సగంలో, ఏది లేకపోతే ఉండిపోయేవాడు అని అడిగినప్పుడు మాత్రం విద్యార్థి నవలలోంచి జారి ఊహలోకి పోయే ప్రమాదం ఉంది. పేజీ నంబరు ఇవ్వాలన్న షరతు లేకపోతే ఈ ప్రశ్న చెడిపోయేది.

నాలుగోది చూడ్డానికి చిన్నది, చేయడానికి అన్నిటికన్నా కష్టం. 'మాలపల్లి' వచ్చేనాటికి గ్రాంథికమా వ్యావహారికమా అన్న గొడవ ఇంకా చల్లారలేదు. గిడుగు రామమూర్తి దాని మీదే ఊళ్లు తిరుగుతున్నారు. అలాంటి రోజుల్లో ఉన్నవ గుంటూరు పల్లెటూరి మాటను అంత పెద్ద నవలలోకి ఎత్తుకొచ్చారు. కాశీనాథుని నాగేశ్వరరావు దానికి పీఠిక రాశారు. పరీక్షల్లో మనం దీన్ని 'వ్యావహారిక భాషలో రాసిన నవల' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. రెండు పేజీలు పట్టుకుని కూర్చుంటే గానీ అందులో ఎన్ని వరసల మాట ఉందో తెలియదు. రామదాసు ఇంట్లోవాళ్లతో మాట్లాడే తీరు వేరు, వేదాంతంలోకి దిగినప్పటి తీరు వేరు. మోతుబరి ముందు గొంతు ఇంకోలా ఉంటుంది. తెలంగాణ పిల్ల కాబట్టి మావాళ్లమ్మాయికి కొన్ని మాటలు అసలే తెలియవు. అవతలి ఫ్లాట్‌లో గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దావిడ ఉంటే పుస్తకం పట్టుకుని వెళ్లింది. "ఇదేంటమ్మా, మా ఊరి మాటలన్నీ అచ్చేశారే!" అని ఆవిడ ఆ సాయంత్రమంతా నవలలోంచి బయటికి రాలేదట. ప్రశ్న కాగితం ఒక అపార్ట్‌మెంట్‌లో ఇంత పని చేయడం నేను ముందెన్నడూ చూడలేదు.

ఇక రెండో ప్రశ్న. కాగితంలో అన్నిటికన్నా ధైర్యమున్నది ఇదే. రామదాసు తెలుగు నవలలో పెద్ద పాత్ర. విష్ణుభక్తుడు, వేదాంతం తెలిసినవాడు, ఎన్ని కష్టాలొచ్చినా కోపం తెచ్చుకోనివాడు. పాత విమర్శ ఆయన్ను చేతులెత్తి మొక్కింది. దళిత సాహిత్య విమర్శ గట్టిపడ్డాక ఆ మొక్కును ఒకసారి ఆగి చూడాల్సి వచ్చింది. రచయిత బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన సంస్కర్త అన్న సంగతీ లెక్కలోకి వచ్చింది. ఇవన్నీ ప్రశ్నలో ఎక్కడా లేవు. విద్యార్థి ఏ పక్షమో ప్రశ్న ముందే చెప్పదు. 'వరసగా రాయండి' అని మాత్రం అంటుంది. రాసి చూస్తే సంగతి తెలుస్తుంది. కొడుకు, భూమి, ఇంకో కొడుకు, కూతురు, స్వేచ్ఛ. జాబితా పొడుగవుతున్నకొద్దీ ఆ ఓర్పు పాఠకుడి గొంతుకు అడ్డం పడుతుంది. జాబితా సగంలో ఉండగా మా పిల్ల పెన్ను పక్కన పెట్టి అడిగింది: "బాబాయ్, మాలపల్లిలోని మనిషి పెద్దమనిషి అనిపించుకోవాల్నంటే వేదాంతం రావాల్నా?"

ఇది విమర్శ గ్రంథంలో చదివిన మాట అయితే అంత బరువుండేది కాదు. జాబితా రాస్తూ తనంతట తాను అక్కడికి చేరుకుంది. పుస్తకాలు తర్వాత తెరవండి అన్న షరతు ఎందుకు పెట్టారో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. అయితే ప్రశ్నలోని చివరి మాట ఆమెను అక్కడితో ఆగనివ్వదు. రచయిత మెచ్చుకోమంటున్నారా, సందేహించమంటున్నారా అని అడుగుతోంది. అంటే నీ కోపం సరే, నవలలో ఆ కోపానికి చోటుందా చూడు అంటోంది. చోటుంది. రామదాసు ఓర్పుకు ఎదురుగా ఆయన కొడుకు వెంకటదాసునే నిలబెట్టారు ఉన్నవ. తండ్రి వేదాంతానికి కొడుకు బతుకే ప్రశ్న. రచయిత తండ్రి వైపే మొగ్గారని అనిపించినా, కొడుకు నోరు మాత్రం నొక్కలేదు.

ఐదూ చూశాక కూడా పిల్ల ఒక్కటీ తీసుకోలేదు. ఆరో నంబరు ఖాళీ దగ్గరికి వెళ్లింది. మొదట ఆమెకు తోచిన ప్రశ్న ఈ నేలకు దగ్గరిది. 'మాలపల్లి' అచ్చయినప్పుడు క్యాంపస్‌లో ఇప్పుడు కనిపించే ఆర్ట్స్ కాలేజీ భవనం లేదు, అది తెరిచింది 1939లో. 1918లో మొదలైన ఉస్మానియాలో అప్పుడు చదువంతా ఉర్దూలో. ఇటువైపు పల్లెల్లో దొరలు, వెట్టి. చౌదరయ్యను చదువుతుంటే వాళ్ల నానమ్మ చెప్పిన దొర గుర్తొచ్చాడట. అందుకని 'మాలపల్లి'లో చౌదరయ్యనూ, వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'లోని దొరతనాన్నీ పోల్చి రాస్తానంది. మంచి ఆలోచనే. కానీ ఎనిమిది పేజీల్లో రెండు నవలలు ఇమడవు. రెండింటి కథలు చెప్పేసరికే ఆరు పేజీలు పోతాయి, పోలిక మిగతా రెండింటిలో నలిగిపోతుంది. పోల్చే ప్రశ్నలతో ఉండే చిక్కు ఇది. వినడానికి గొప్పగా ఉంటాయి, రాయబోతే చోటు చాలదు. పీహెచ్‌డీలో రాసుకోమని చెప్పాను.

రెండోసారి రాసుకున్న ప్రశ్నే ఆఖరుకు నిలిచింది. ఐదు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ చదివితే ఒక లోటు ఆమెకే కనిపించింది. సంగదాసు, రామదాసు, వెంకటదాసు, అధికారి... అందరూ మగవాళ్లే. నవలలో మరి రామదాసు భార్య మహాలక్ష్మి ఉంది. కూతురు జ్యోతి ఉంది. రామానాయుణ్ని వదిలి ఇంకొకరితో వెళ్లిపోయిన భార్య కమల ఉంది. ఆమె రాసుకున్న ప్రశ్న ఇది: 'మహాలక్ష్మి, జ్యోతి, కమల. ఈ ముగ్గురిలో ఎవరి దుఃఖాన్ని రచయిత ఆమె పక్కన నిలబడి చూశారు? ఎవరిదాన్ని మగవాళ్ల మాటల్లో విని రాశారు? ఒక్కొక్కరికి ఒక సన్నివేశం చొప్పున చూపండి.'

దీన్ని నాకు తెలిసిన పరీక్షలన్నిటికీ పెట్టి చూశాను. నవల పేరు మారిస్తే నిలబడుతుందా? నిలబడదు. ఈ ముగ్గురూ ఈ నవలలోనే ఉన్నారు, రెండు కులాల్లో, రెండు ఇళ్లలో ఉన్నారు. ఎనిమిది పేజీల్లో పడుతుందా? మూడు సన్నివేశాలు కాబట్టి పడుతుంది. ఇద్దరు పాఠకులు పోట్లాడుకోగలరా? కమల దగ్గర తప్పకుండా పోట్లాడుకుంటారు. జవాబు ముందే తెలుసా? అడిగాను. "తెల్వదు బాబాయ్, జ్యోతి సంగతి కొంచెం తెలుస్తుంది గానీ మహాలక్ష్మమ్మ గురించి మళ్ల చదవాలె" అంది. పేజీల్లో పెన్సిలు గీతలు పెట్టుకుంటూ నవలను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఎంచుకోవడానికి ఐదు మార్కులు ఎందుకిచ్చారని అసైన్‌మెంట్ వచ్చిన రోజు క్లాసులో నవ్వుకున్నారట. ఒక ప్రశ్నను ఎంచుకోవడానికి ఈ పిల్ల నవలను రెండోసారి చదివింది. మిగతా పదిహేను మార్కుల్లో ఇంతకన్నా పెద్ద పని ఏముంటుందో నాకైతే తోచలేదు.

పనితనం గురించి మొదలుపెట్టాను కాబట్టి ఒక మాట చెప్పాలి. ఈ కాగితంలో అలంకారం ఒక్కటీ లేదు. 'విశ్లేషించండి', 'తులనాత్మకంగా పరిశీలించండి' లాంటి పెద్ద మాటలూ లేవు. చూపండి, రాయండి, గమనించండి అంతే. ప్రతి ప్రశ్నలోనూ ఒక చిన్న షరతు ఉంది. 'ఓడిన సన్నివేశం ఒకటి', 'వరసగా', 'దాటి పోవద్దు', 'ఒకే ఒక్క పేజీ'. ఆ షరతు తీసేస్తే ప్రశ్న మళ్లీ మామూలు పరీక్ష ప్రశ్న అయిపోతుంది. ప్రశ్న తయారుచేసేవాళ్లకు నవల ఎంత కంఠతా వస్తే ఇంత పొదుపుగా రాయగలరో ఆలోచించండి.

లోటు ఉందన్నాను కదా, ఆడవాళ్ల ప్రశ్న లేదని. మేడం మరిచిపోయారో, ఆరో నంబరు కోసం కావాలనే వదిలిపెట్టారో నాకు తెలియదు. ఏదైనా సరే, మా పిల్ల రాసుకున్న ప్రశ్నను వచ్చే ఏడాది కాగితంలో మూడోదాని స్థానంలో పెట్టాలని నా మనవి. ఆరోది మాత్రం మళ్లీ ఖాళీగానే ఉంచాలి.